మిస్సోరీ మెరక మట్టి గురించి అందరూ అడిగే ప్రశ్నలు: లోయస్ నేల, మన గుంటూరు నేలలు

మావాడి దగ్గర ఆర్నెల్లు ఉందామని అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం వెళ్లి ఐదు నెలలకే తిరిగొచ్చాను. వెళ్లొచ్చిన వాళ్లందరూ నయాగరా ఫొటోలు చూపిస్తారు, నా ఫోన్లో మాత్రం మట్టి ఫొటోలున్నాయని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్విస్తోంది. నవ్వినవాళ్లే తర్వాత మెల్లగా "బాబాయ్, ఆ మట్టి సంగతేంటి" అని అడుగుతున్నారు. బ్రాడీపేటలో టీ దగ్గర చెప్పిందే ఊళ్లో అరుగు మీద, అక్కడ చెప్పిందే ఫోన్లో మళ్లీ చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. నేను శాస్త్రవేత్తని కాదు. పెదనందిపాడు వైపు నాలుగెకరాల నల్లరేగడి, మా ఆవిడ తరఫున వినుకొండ దగ్గర రెండెకరాల ఎర్ర నేల, ఈ రెండింటితో ముప్పై ఏళ్లుగా తిట్టించుకుంటూ తిడుతూ బతుకుతున్నవాణ్ణి. నా పోలికలన్నీ అక్కణ్ణుంచే వస్తాయి.

అసలు లోయస్ అంటే ఏంటి?

గాలి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. ఒండ్రు అనగానే మనకి కృష్ణమ్మ వరదకి తెచ్చి పరిచిన మేట, తెనాలి, కొల్లిపర వైపు లంకలు గుర్తొస్తాయి. ఇదీ ఏటి ఒండ్రే గానీ చివరి ప్రయాణం నీళ్ల మీద కాకుండా గాలి మీద చేసింది, అందుకే పల్లంలో ఉండాల్సిన మట్టి గుట్టల మీద, మెరకల మీద దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. పేరు జర్మన్ వాళ్లది. రైన్ నది లోయలో వదులుగా ఉండే ఈ మట్టికి అక్కడి జనం వాడే మాటని 1820ల్లో లియోన్‌హార్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పుస్తకాల్లోకి ఎక్కించాడు. రేణువు ఇసుక కన్నా సన్నం, బంకమట్టి కన్నా లావు, అంటే 0.05 మిల్లీమీటర్ల నుంచి 0.002 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటుంది. భూమ్మీద ఉన్న నేలలో దాదాపు పదో వంతు మీద ఈ దుప్పటి ఉందంటారు.

నేను చూసిన రకం పేరు మెన్‌ఫ్రో. అక్కడ ప్రతి మట్టి రకానికీ మొదట గుర్తించిన చోటు పేరో, దగ్గర్లోని ఊరి పేరో పెడతారు, మెన్‌ఫ్రో అనేది మిస్సోరీలో ఒక చిన్న ఊరు. మనకి రాష్ట్ర పక్షి, రాష్ట్ర పువ్వు ఉన్నట్టు వాళ్లకి రాష్ట్ర మట్టి కూడా ఉంది, మిస్సోరీకి అది మెన్‌ఫ్రోనే. ఈ ఆలోచన నాకు తెగ నచ్చింది.

గుట్ట మీదికి అంత మట్టిని గాలి ఎత్తిపోసిందంటే నమ్మమంటావా?

నేనూ ముందు నమ్మలేదు. వేసవిలో ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణ సన్నటి పాయలుగా చీలిపోయి ఇసుక మేటలు బయటపడ్డాక, సాయంత్రం గాలి లేస్తే కరకట్ట పక్క ఇళ్లలో మంచాల మీద ఏం పడుతుందో విజయవాడ వాళ్లని అడగండి. అదే పని ఇంకా పెద్ద ఏట్లో, ఇంకా బలమైన గాలితో, వేల ఏళ్లపాటు జరిగిందనుకోండి.

సుమారు 25 వేల ఏళ్ల కిందటి నుంచి 12 వేల ఏళ్ల కిందటి దాకా ఉత్తర అమెరికా పైభాగమంతా మంచు పలకలు ఉండేవి. అవి కదిలేటప్పుడు కింద రాయిని తిరగలిలో వేసినట్టు పిండి చేశాయి. ఎండాకాలం మంచు కరిగి ఆ పిండిని మిస్సోరీ, మిసిసిపీ నదుల్లోకి దించేది, చలికాలం నీళ్లు తగ్గి ఏరు వెడల్పంతా ఎండిపోయేది, అప్పుడు గాలి ఆ పిండిని ఎత్తి ఒడ్డు గుట్టల మీద పోసేది. అందుకే ఏటి పక్క గుట్టల మీద మందం ఎక్కువ, దూరం పోయేకొద్దీ పలచన. ఐయోవా రాష్ట్రం పడమటి అంచున లోయస్ గుట్టలు కొన్నిచోట్ల 60 మీటర్లు పైన ఉంటాయి, అంటే ఇరవై అంతస్తుల మేడ ఎత్తు మట్టి. చైనాలో అయితే వంద మీటర్లు దాటిన చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ మంచు కన్నా ఎడారుల నుంచి వచ్చిన దుమ్ముది పెద్ద పాత్ర. వాళ్ల పసుపు నది పసుపుగా ఉండటానికి కారణం ఈ మట్టే.

చేత్తో పట్టుకుంటే ఎలా ఉంటుంది?

పొడిగా ఉంటే గోధుమపిండిలా. గిల్లి రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగర ఉండదు, తడిపితే జారుతుంది గానీ మన రేగడిలా వేలికి పట్టుకుని వదలకుండా ఉండదు. తడిమట్టిని బొటనవేలితో నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీస్తే రేగడి మూడు నాలుగు అంగుళాలు సాగుతుంది, ఇది అంగుళం దాకా వచ్చి తెగిపోతుంది. పైమట్టిలో ముప్పాతిక దాకా ఆ నడుమ సైజు ఒండ్రు రేణువులే, మిగతాదాంట్లో ఎక్కువ బంక, ఇసుక బహు తక్కువ. రాయి అసలు లేదు. వీధి వేయడానికి తవ్విన కోతలో రెండు నిలువుల లోతు చూశాను, చింతగింజంత గులకరాయి కూడా దొరకలేదు. వినుకొండ చేలో పార దింపిన ప్రతిసారీ ఠంగుమనే శబ్దానికి అలవాటుపడ్డ చెవికి అది నిజంగా వింతే.

పైన జానెడు గోధుమ రంగు, కింద ఇంకొంచెం బంక ఎక్కువై పసుపు కలిసిన గోధుమ రంగు, ఇంకా కిందికి పోతే మళ్లీ వదులు మట్టి. వానలు వేల ఏళ్లుగా పైమట్టిలోని బంకని కిందికి దించేశాయి కాబట్టి నడుమ పొర కాస్త బిగువుగా ఉంటుంది.

మెరక సరే, నీరు బాగా దిగే నేల అని దేన్ని బట్టి చెబుతారు?

రంగుని బట్టి. తెనాలి వైపు వరిమడిలో మోకాలి లోతు తవ్వితే బూడిద రంగు మట్టి, మధ్యమధ్యలో తుప్పు మచ్చలు కనబడతాయి కదా, అది నీళ్లు నిలిచి గాలి అందక మట్టిలో ఇనుము రంగు మారిపోయిన గుర్తు. ఆ బూడిద మచ్చలు మీటరు లోతు దాకా ఎక్కడా లేకపోతే అది నీరు బాగా దిగే నేల కింద లెక్క. వాన పడిన రోజు చూసి చెప్పే లెక్క కాదిది, ఏళ్ల తరబడి అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో మట్టే చెబుతుంది. ఎవరైనా పొలం అమ్మజూపితే ఎండాకాలంలో చూసి రావడం కన్నా మీటరు గొయ్యి తీయించి రంగు చూడటం మేలు, ఈ ముక్క మన దగ్గర కూడా పనికొస్తుంది.

మన నల్లరేగడి కన్నా మంచిదా?

అందరూ అడిగేది ఇదే, అడిగేటప్పుడు గొంతులో కొంచెం రోషం కూడా ఉంటుంది. సూటిగా చెప్పాలంటే సత్తువలో మనది తీసిపోదు, నడవడికలో ఆ మట్టి మంచిది.

మన రేగడిలో బంక సగం దాకా, కొన్నిచోట్ల సగం పైన ఉంటుంది, అదీ తడిస్తే ఉబ్బి ఎండితే ముడుచుకునే రకం. రోహిణి ఎండలకి రోళ్లు పగులుతాయంటారు, మా చేలో రోలు పగలడం చూళ్లేదు గానీ నేల పగుళ్లలో గొడ్డు కాలు ఇరుక్కోవడం చూశాను. తొలకరి వాన ఆ పగుళ్లలోంచి గటగటా దిగిపోతుంది, తర్వాత నేల ఉబ్బి పగుళ్లు మూసుకున్నాక గంటకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగడం కూడా కష్టం. అప్పుడు ముసురు పట్టిందా, మిరప ఉరకెత్తి వడలిపోతుంది. కాలి కింద నీళ్లుండగా మొక్క వాడటం ఏంటని బయటివాళ్లు అడుగుతారు, వేరుకి గాలాడక నీళ్లు పీల్చలేదన్నది మన పిల్లలకి కూడా తెలుసు. పైగా పదును ఒకటి ఉంది. ఒక రోజు ముందు దుక్కికి దిగితే బంక, రెండు రోజులు ఆలస్యమైతే పెళ్లలు.

లోయస్‌లో ఆ నడుమ పొర కూడా గంటకి 15 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా నీళ్లు దించుకుంటుంది. ఎక్కువైంది కిందికి పోతుంది, పోయాక మీటరు లోతు మట్టిలో పైరు తాగగలిగిన నీళ్లు సుమారు 200 మిల్లీమీటర్లు మిగులుతాయి. అంటే ఆ నేలకి పెద్ద డ్రమ్ము ఉంది, ఆ డ్రమ్ముకి పొర్లిపోయే దారి కూడా ఉంది. రేగడి అంతకన్నా ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది, కాదనను, కానీ అందులో సగం పైన బంకే గట్టిగా పట్టుకుని మొక్కకి వదలదు. పిసినారి దగ్గర డబ్బున్నట్టు. వేరు విషయంలోనూ అంతే, లోయస్‌లో మొక్కజొన్న వేరు మీటరున్నర దాకా అడ్డులేకుండా దిగుతుంది, మధ్యలో రెండు మూడు వారాలు బెట్ట వచ్చినా ఆకు చుట్టుకోదు.

అయితే శనగ, పొగాకు లాంటివి చివరి వాన తర్వాత వేసి ఒక్క తడి లేకుండా ఒబ్బిడి చేసే పని మన రేగడిదే. ఆ ఒక్క మాట అక్కడి రైతుకి చెబితే, వాన లేకుండా మూడు నెలలా అని నోరు తెరిచాడు. వాళ్లకి ఏడాది పొడుగునా పన్నెండు నెలలూ ఎంతో కొంత పడుతూనే ఉంటుంది, మొత్తం కలిపితే వెయ్యి మిల్లీమీటర్ల పైన.

పోనీ మన ఎర్ర నేలలాంటిదా?

ఇక్కడో తమాషా ఉంది. శాస్త్రవేత్తలు ప్రపంచంలోని మట్టినంతా పన్నెండు పెద్ద వర్గాలుగా విడగొట్టారు, అందులో మెన్‌ఫ్రోదీ మన ఎర్ర నేలల్లో చాలావాటిదీ ఒకటే వర్గం, అల్ఫిసాల్. పైమట్టి తేలిక, కింద బంక పేరిన పొర, మధ్యస్థంగా పోషకాలు, ఈ పోలికల వల్ల ఒక గాట కట్టేశారు. ఇంటిపేరు ఒకటే గానీ గోత్రం కలవదు. మనది ఉన్నచోటే గట్టి రాయి చివికి పుట్టింది, కాబట్టి లోతు తక్కువ, గులక ఎక్కువ, కింద మొరం. వాన పడితే దిగడం దిగుతుంది గానీ నిలవ లేదు, మీటరుకి వంద మిల్లీమీటర్లు దాచుకుంటే గొప్ప, వినుకొండ చేలో ఆ మీటరు లోతు కూడా అన్నిచోట్లా లేదు. పది రోజులు వాన ముఖం చాటేస్తే కంది తప్ప అన్నీ తలవాలుస్తాయి.

రేగడి పట్టుకుని వదలదు, ఎర్ర నేల వదిలేసి పట్టుకోదు. ముప్పై ఏళ్లు ఈ ఇద్దరి మధ్య నలిగినవాడికి పట్టుకోవాల్సినంత పట్టుకుని మిగతాది వదిలేసే మట్టి కనబడితే ఫొటోలు తీయడా మరి, మా ఆవిడకి ఇది అర్థం కాదు.

ఏమేం పండిస్తారు?

మొక్కజొన్న, సోయాచిక్కుడు, గోధుమ. వాలు ఎక్కువైన చోట గడ్డి వేసి పశువుల్ని మేపుతారు, ఇంకా నిట్రంగా ఉన్నచోట ఓక్, హికరీ, నల్ల వాల్‌నట్ అడవి అలాగే వదిలేస్తారు. అసలు ఆ నేల అడవి కింద తయారైందే. ఆపిల్ తోటలూ ఉన్నాయి.

ద్రాక్ష గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. మావాడి ఇంటికి అరగంట దూరంలో మిస్సోరీ నది పక్క గుట్టల మీద ఆగస్టా అని చిన్న ఊరు, అమెరికా ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన మొట్టమొదటి ద్రాక్ష సాగు ప్రాంతం అదే, 1980లో. కాలిఫోర్నియాని దాటి ఈ మారుమూలకి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే, పంతొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చిన జర్మన్లు తమ రైన్ ఒడ్డు లాంటి గుట్టలు కనబడగానే తీగలు పాతారట. ద్రాక్ష వేరు తడిలో నానితే కుళ్లుతుంది, మెరక మీద నీరు దిగే మట్టి, కిందనుంచి నది గాలి, దానికి అంతకన్నా ఏం కావాలి. మొదలు దగ్గర మట్టి తవ్వి చూస్తుంటే తోట మనిషి వచ్చి ఏం పోయిందని అడిగాడు. ఉంగరం పోయిందనుకున్నాడు పాపం.

అంత మంచి నేలకి ఎరువు అక్కర్లేదా?

కావాలి. అడవి కింద పుట్టిన లోయస్‌లో సేంద్రియ పదార్థం ఒకటి రెండు శాతమే, ఐయోవాలో గడ్డిభూమి కింద తయారైన లోయస్ అయితే నల్లగా ఇంకా ఎక్కువ ఉంటుంది. వానలకి సున్నం కడిగిపోయి పైమట్టి పులుపు తిరుగుతుంది, అందుకని కొన్నేళ్లకోసారి సున్నపురాయి పొడి చల్లుతారు. మన దగ్గర చౌడుకి జిప్సం వేయడం తెలుసు గానీ నేలకి సున్నం వేయడమేంటని నాకు మొదట వింతగా అనిపించింది, మన రేగడిలో తవ్వితే సున్నపు గులకలే వస్తాయి మరి. లోయస్‌లో కూడా బాగా లోతున అలాంటి సున్నపు గడ్డలే ఉంటాయి, చిన్న బొమ్మల ఆకారంలో ఉంటాయని జర్మన్లు వాటిని లోయస్ పాపలు అంటారు.

నత్రజని, భాస్వరం, పొటాష్ మట్టి పరీక్ష చూసి వేస్తారు. ఇందులో వింతేం లేదు.

మరి దాని లోపమేంటి?

కోత. మట్టి కోత. గాలి తెచ్చిన మట్టిని నీళ్లు అంతే తేలిగ్గా పట్టుకుపోతాయి. బంక రేణువు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, ఇసుక రేణువు బరువుకి కదలదు, ఈ నడుమది అటు పట్టూ లేదు ఇటు బరువూ లేదు. ఉత్త నేల మీద జోరు వాన పడితే చినుకు దెబ్బకి పైన సన్నపొడి చెదిరి రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక నీళ్లు దిగకుండా జారతాయి, జారేటప్పుడు మట్టితో సహా జారతాయి. గంటకి యాభై మిల్లీమీటర్లు దించుకునే నేల అని పైన గొప్పగా రాశానే, ఆ లెక్కంతా నేల మీద కప్పు ఉన్నప్పుడే.

వాళ్ల ప్రభుత్వ లెక్కల్లో ప్రతి నేలకీ ఏడాదికి ఎంత మట్టి పోయినా ఫర్వాలేదు అని ఒక అంకె ఉంటుంది, లోతైన లోయస్‌కి అది ఎకరానికి 5 టన్నులు. ఐదు టన్నులంటే ట్రాక్టర్ ట్రక్కు నిండా. కానీ ఎకరం మీద సమంగా పరిస్తే మిల్లీమీటరు మందం కూడా రాదు. అసలు మోసం ఇక్కడే ఉంది. ఏడాదికి మిల్లీమీటరు పోతే ఏ రైతు కంటికి కనబడుతుంది? తాత దున్నినప్పుడు జానెడున్న గోధుమ రంగు మట్టి మనవడి నాటికి రెండంగుళాల పైన తగ్గిపోతుంది, వాలు మీద అక్కడక్కడా కింది పసుపు పొర బయటపడి మొలక సరిగా రాకపోతే అప్పుడు విత్తనం మంచిది కాదనుకుంటారు.

1930ల్లో అమెరికా మైదానాల్లో దుమ్ము తుఫాన్లు లేచాక గానీ వాళ్లకీ తెలిసిరాలేదు. హ్యూ బెన్నెట్ అనే నేల శాస్త్రవేత్త పట్టుబట్టి అడగ్గా అడగ్గా 1935లో నేల పరిరక్షణకి ఒక ప్రత్యేక ప్రభుత్వ విభాగం పెట్టారు. ఇప్పటికీ ప్రతి నేలకీ సాగు యోగ్యత చెప్పే తరగతుల్లో ఈ లోయస్ మెరకల పక్కన కోతకి గుర్తుగా ఒక అక్షరం తప్పకుండా ఉంటుంది. రెండు మూడు శాతం వాలుంటే రెండో తరగతి, వాలు పెరిగేకొద్దీ మూడు, నాలుగు, చివరికి అడవికి తప్ప పనికిరాని తరగతి. మట్టి అదే, మారేది వాలే.

కోతని ఎలా ఆపుతారు?

వాలుకి అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, నీళ్లు పారే వాగు దారిలో దున్నకుండా గడ్డి పెంచడం. ఇవన్నీ మనకీ తెలిసినవే. నన్ను ఆపింది మాత్రం దున్నకపోవడం. పోయినేడు కోసిన మొక్కజొన్న మోళ్లు, ఆకు అలాగే చేలో పడి ఉన్నాయి, వాటి మధ్యలోంచే యంత్రం సన్నటి గీత చీల్చి సోయా గింజ వేసుకుంటూ పోతోంది. మా నాన్న చూస్తే వీడికి బద్ధకం అనేవాడు. పొలం శుభ్రంగా నున్నగా లేకపోతే ఊళ్లో పరువు పోతుందన్న పట్టింపు మనకి లేదా? చెత్త కప్పు కింద వేలు పెట్టి చూస్తే మట్టి గుల్లగా, చల్లగా, వానపాముల రంధ్రాలతో ఉంది. పక్క చేను దున్నేసి ఉంది, అక్కడ పైన పెంకు కట్టింది.

ఈ మట్టిని నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుందట, నిజమా?

నిజం. పొడిగా ఉన్నంతకాలం. రేణువులు కోసుగా ఉండి ఒకదానికొకటి పెనవేసుకుని, మధ్యలో సన్నటి సున్నం, బంక అతుకు ఉండటం వల్ల నిలువు కోత ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏటవాలుగా చెక్కితేనే వాన నీళ్లు పైన పారి కోసేస్తాయి, అందుకని అక్కడ రోడ్ల పక్క గట్లని కావాలని నిలువుగా కోస్తారు.

మన ఉండవల్లి గుహలు రాతి కొండని ఉలితో తొలిచినవి. ఈ మట్టిలో గుహకి పలుగూ పారా చాలు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో మిసిసిపీ ఒడ్డున విక్స్‌బర్గ్ పట్నాన్ని ముట్టడిస్తే, ఫిరంగి గుళ్లకి భయపడి అక్కడి జనం లోయస్ గట్టుల్లో గుహలు తవ్వుకుని 47 రోజులు కాలక్షేపం చేశారు. చైనాలో ఇప్పటికీ చాలామంది అలాంటి మట్టి గుహ ఇళ్లలో ఉంటారు, వేసవిలో చల్లన, చలికాలం వెచ్చన. దానికి రెండోవైపు కూడా ఉంది. 1556లో షాన్‌షీ భూకంపానికి ఆ గుహ ఇళ్లు కూలి, కొండచరియలు విరిగిపడి సుమారు ఎనిమిది లక్షల ముప్పై వేలమంది పోయారని చరిత్ర చెబుతుంది, అంతమందిని బలితీసుకున్న భూకంపం చరిత్రలో మరొకటి లేదు.

ఇల్లు కట్టుకోవచ్చా?

లక్షణంగా. నేలమాళిగ తవ్వడం తేలిక, మురుగు నీళ్ల గొయ్యికి కూడా అనుకూలం, పైపుల్లోంచి వదిలిన నీళ్లు మట్టిలోకి ఇంకిపోతాయి. మన రేగడి మీద ఇల్లు కట్టినవాళ్లకి తెలుసు, పునాదిలో ఇసుక నింపినా మూడో ఏడాది గోడకి మూలగా నెర్ర వస్తుంది, నేల ఉబ్బి ఎత్తుతుంది. లోయస్ అలా ఎత్తదు. దాని తెగులు వేరే. వదులుగా పేరిన మట్టి బాగా నానితే ఆ సన్నటి అతుకులు వీడి ఒక్కసారిగా కుంగుతుంది. కాబట్టి చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా గొట్టం పెట్టి దూరంగా వదలాలి. మావాడి పక్కింట్లో ఆ గొట్టం ఊడిపోయి ఏడాది అలాగే వదిలేశారు, మెట్లు ఓ పక్కకి ఒరిగాయి.

పెరట్లో గోంగూర వస్తుందా?

అక్కడున్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది. వస్తుంది, మే నుంచి సెప్టెంబరు దాకా, గోంగూర, తోటకూర, సొర, వంకాయ, మిరప అన్నీ. కానీ నా మొదటి గోంగూర పోయింది. కట్టినవాళ్లు ఇల్లు లేపేముందు మంచి పైమట్టిని గీకి ఎటో తోలేసి, చివర్లో కింది పసుపు మట్టి మీదే పచ్చిక చాప పరిచి తాళాలిచ్చారు. పచ్చిక తీసి గింజ చల్లాను, మర్నాడు జోరు వాన, తర్వాత రెండు రోజుల ఎండ, పైన అప్పడంలా పెంకు. గింజలు కింద మొలిచి పైకి రాలేక వంకర తిరిగి చచ్చిపోయాయి.

రెండోసారి ఆకు చెత్త ఎరువు నాలుగు అంగుళాలు కలిపి, గింజ వేశాక ఎండుగడ్డి పలచగా కప్పాను, ఇరవై అయిదో రోజుకి పప్పులోకి కోశాం. తడిగా ఉన్నప్పుడు మడిలోకి దిగి తొక్కకండి, ఒండ్రు మట్టి తొక్కితే అచ్చులో పోసినట్టు బిగుస్తుంది, రేగడిలా ఎండకి దానంతటది పగిలి గుల్లబారే గుణం దానికి లేదు.

ఓ సంచి మట్టి తెచ్చావా?

లేదు. విదేశీ మట్టిలో తెగుళ్లు, నులిపురుగులు రావచ్చని అనుమతి లేకుండా తేనివ్వరు. ఫొటోలే.

మన దేశంలో ఈ మట్టి ఉందా?

కాశ్మీర్‌లో ఉంది. అక్కడ కరేవాలు అనే ఎత్తైన మెట్టల మీద లోయస్ పొర పరుచుకుని ఉంది, పాంపోర్ కుంకుమపువ్వు పండేది ఆ మెట్టల మీదే. కుంకుమపువ్వు గడ్డ నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది, మళ్లీ అదే సంగతి. మన రాష్ట్రంలో గాలి పోసిన మట్టి చూడాలంటే భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూడొచ్చు, కానీ అది ఇసుక, లోయస్ కాదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో లోయస్ లేదు, మా పొలం అదే అని ఫొటోలు పంపుతున్నవాళ్లు దయచేసి గమనించగలరు.

మన పొలాన్ని అలా మార్చుకోలేమా?

మట్టి రేణువు సైజుని మనం మార్చలేం. ఎకరం రేగడిని మార్చాలంటే తోలాల్సిన ఇసుకకి పొలం అమ్మినా చాలదు. గుణంలో కొంత మాత్రం తెచ్చుకోవచ్చు.

ఎర్ర నేలకి లేనిది నిలవ, దానికి పాత మందే ఉంది, చెరువు మట్టి. ఎండాకాలంలో పూడిక తీసినప్పుడు తోలించి చల్లితే చెరువులో పేరిన ఒండ్రూ బంకా కలిసి నిలవ పెరుగుతుంది. వినుకొండ చేలో ఒక ఎకరానికి తోలించాను, రెండో ఎకరానికి డబ్బులు చాలక ఆగాను, పోయినేడు బెట్టలో గట్టు మీద నిలబడి చూస్తే తేడా గీత గీసినట్టు కనబడింది. తోలించేముందు ఆ చెరువు మట్టి చౌడుదేమో పరీక్ష చేయించండి, మా బావమరిది చేయించలేదు.

రేగడికి లేనిది దారి. ఎత్తు మడులు చేసి మధ్యలో కాలువలు తీసి, ఆ కాలువ పొలం చివర నిజంగా ఎక్కడికైనా పోయేలా చూడటం. చాలామంది కాలువ తీస్తారు, అది పక్కవాడి గట్టు దగ్గర ఆగిపోతుంది. జనుము, జీలుగ, పిల్లిపెసర ఏదో ఒకటి తొలకరికి వేసి పూతలో కలియదున్నితే పెళ్ల తేలిగ్గా విడుతుంది.

పక్కవాడు ఒప్పుకోకపోతే ఆ కాలువ ఎటు పోవాలి అన్నది కూడా చాలామంది అడుగుతున్నారు, దానికి మట్టిలో సమాధానం లేదు. నేను మూడేళ్లు మాటలు లేకుండా ఉండి, చివరికి గొట్టాల ఖర్చు సగం నేను పెట్టుకుంటానంటే ఒప్పుకున్నాడు.